కోట లేని కోటగుమ్మం

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు నుంచి ఊళ్ళోకి వచ్చేవారు మెయిన్ రోడ్డు అందుకునే చోటును కోటగుమ్మం అంటారు. అక్కడ నేడు కోటగోడ గాని, గుమ్మం గాని, అవి ఉండేవని తెలిపే ఆనవాలు గాని కంటికి కనిపించవు. కనిపించేవల్లా బట్టల దుకాణాలు, రోజ్‌మిల్క్ గ్లాసులతో నిలబడ్డ జనం, పుష్కరాల రేవు వైపు మలుపు తిరిగే ఆటోలు. అయినా కోటగుమ్మం పోవాలన్న మనిషిని ఏ కోట అని అడిగే ఆటోవాడు ఆ ఊళ్ళో లేడు. వస్తువు పోయి పేరు మిగలడమన్నది ఈ ఒక్క కూడలికే పరిమితమైన సంగతి కాదు. తాటిచెట్లు లేని తాడితోట, నల్లమందు దొరకని నల్లమందు సందు, బళ్ళు నడవని పుంత ఇలా ఆ నగరపు పాత భాగమంతా లేని వస్తువుల పేర్లతోనే నిండి ఉన్నది. ఆ పేర్లు ఎక్కడ పుట్టాయో, వాటిలో కొన్ని మాత్రమే ఎందుకు నిలిచాయో చూస్తే, రాజుల చరిత్ర చెప్పని ఊరి చరిత్ర కొంత బయటపడుతుంది.

ఊరి పేరు వేంగీ చాళుక్యులది. ఆ వంశంలోని అమ్మరాజుల బిరుదైన రాజమహేంద్ర నుంచి రాజమహేంద్రవరం వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజ నరేంద్రుడు, అతని ఆస్థానంలో భారతాంధ్రీకరణకు పూనుకున్న నన్నయ ఆ పేరును తెలుగువారందరికీ తెలిసేలా చేశారు. మెయిన్ రోడ్డు మీది పాత మసీదు గుమ్మంపై ఉన్న పారశీక శాసనం 1324 నాటిది; ఢిల్లీ సైన్యాలతో ఉలుగ్‌ఖాన్ దండెత్తి వచ్చిన కాలాన్ని అది సూచిస్తుంది. ఆ తరవాత శ్రీనాథుణ్ణి ఆదరించిన రెడ్డిరాజులు, గజపతులు, గోలకొండ సుల్తానులు, నిజాము, 1753లో ఉత్తర సర్కారులు చేజిక్కించుకున్న ఫ్రెంచివారు వరసగా ఈ కోటను ఏలారు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోగానే ఇది ఇంగ్లీషువారి వశమయింది. చేతులు ఇన్నిసార్లు మారినా, ఈ ప్రభువులలో ఏ ఒక్కరి పేరూ ఆ గుమ్మానికి అంటుకోలేదు. హైదరాబాదులో కోటవాకిలిని దర్వాజా అన్నారు. గోదావరి జనం మాత్రం తమ ఇంటి ముందరి మాటనే తీసుకువెళ్ళి కోటకు తగిలించారు. గుమ్మమంటే లోపలికీ బయటికీ మధ్య గడప ఉన్న చోటు. గుమ్మం లోపల ఉన్నది ఊరు, వెలుపల ఉన్నది పేట అన్న తేడా మొదట అక్కడే ఏర్పడింది.

పేట అనే మాటకు ఇప్పుడు నివాసప్రాంతమనే అర్థమే మిగిలింది గాని, మొదటి అర్థం అంగడి చుట్టూ పెరిగిన ఊరిభాగమని. కోట వెలుపల వారానికొకసారి సంత జరిగే చోట తొలుత పాకలు, తరవాత కొట్లు, ఆ వెనక ఇళ్ళు పుట్టుకురావడం దక్షిణదేశపు పట్టణాలన్నిటా కనిపించే క్రమమే. రాజమహేంద్రవరంలో ఆ క్రమాన్ని నేటికీ రెండు పేర్లు పట్టి చూపిస్తున్నాయి: ఒకటి మంగళవారపుపేట, రెండవది లక్ష్మీవారపుపేట. గురువారాన్ని లక్ష్మీవారమనడం కోస్తా జిల్లాల వాడుక. బడిపుస్తకాలు, గోడ క్యాలెండర్లు గురువారాన్నే స్థిరపరచినా, ఇంట్లో పెద్దలు లక్ష్మీవారమనే అంటారు. ఈ పేట పేరును గురువారపుపేటగా దిద్దాలని ఎవరికీ తోచకపోవడం తెలుగుకు కలిసివచ్చిన అదృష్టం.

పేటల నుంచి వీధుల్లోకి దిగితే పేర్ల స్వభావం మారిపోతుంది. వంకాయలవారి వీధి, నాళంవారి వీధి, గుండువారి వీధి అన్నవి ఇంటిపేర్లతో ఏర్పడ్డ పేర్లు. ఆ వీధిలో ఎవరికి స్థలాలుండేవో, ఎవరి అరుగు మీద పంచాయతీలు జరిగేవో చెప్పకనే చెబుతాయి. ఒక విధంగా ఇవి ఆస్తుల దస్తావేజులు. ఆస్తి ఉన్నవారి ఇంటిపేరు వీధికెక్కింది, లేనివారికి కులం పేరో వృత్తి పేరో మిగిలింది. వంకాయలవారి వీధికి మరొక ప్రాముఖ్యం ఉన్నది: కందుకూరి వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న పుట్టిన ఇల్లు అక్కడిదే. 1881 డిసెంబరు 11న ఊరిలో సగం మంది మండిపడుతుండగా ఆయన తొలి వితంతు వివాహం జరిపించినది ఈ ఊళ్ళోనే. 1890లో ఆయన కట్టించిన టౌన్‌హాలు నేటికీ నిలిచి ఉన్నది. అంతటి మనిషి పుట్టిన వీధిని జనం వంకాయలవారి పేరుతోనే పిలుస్తున్నారంటే, కృతజ్ఞత లేక కాదు. ఉత్తరాలు, అప్పుపత్రాలు, పెళ్ళిశుభలేఖలు అప్పటికే ఆ పేరుతో తిరుగుతూ ఉండడం వల్ల.

నల్లమందు సందు కథ ఇంతకంటె చిన్నది, కాని మరింత విచిత్రమైనది. నల్లమందంటే గసగసాల కాయ పాలతో తయారయ్యే మత్తుపదార్థం. ఇంగ్లీషు ప్రభుత్వం 1878 నాటి చట్టం కింద లైసెన్సు ఇచ్చిన దుకాణాలలో దాన్ని బాహాటంగా అమ్మించేది; గోదావరి జిల్లా జనం దాన్ని మత్తుకే కాక, మన్యపు గాలికి, చలిజ్వరాలకు మందుగా కూడా పుచ్చుకునేవారు. దుకాణం పోయింది, చట్టం మారింది, ఆ సరుకు దగ్గర పెట్టుకోవడమే నేరమయింది. సందు పేరు మాత్రం దుకాణాల బోర్డుల మీదికి కూడా ఎక్కి హాయిగా కొనసాగుతున్నది. మర్యాద కోసం పేరు మార్చుకునే అలవాటు ఈ ఊరికి తక్కువేమో.

చెట్లు, నీళ్ళు ఇచ్చిన పేర్లు వేరొక వరస. తాడితోట పేరుకు వివరణ అక్కర లేదు. మహాత్మాగాంధీ పేరిట వెలసిన టోకు బట్టల మార్కెట్టు అక్కడిదే కావడంతో, ఇప్పుడు ఆ మాట వినగానే జిల్లాల వర్తకులకు గుర్తుకు వచ్చేది చీరల బేళ్ళు. కంబాలచెరువు పేరు కంభంవారు తవ్వించిన చెరువు నుంచి వచ్చిందని ఊరివారి మాట. కంభంవారి అన్న రెండు పదాలు నోట నలిగి కంబాల కావడం తెలుగు ఉచ్చారణకు సహజమే. ఆ చెరువులో మిగిలిన నీరు ఇప్పుడు పార్కుకు అలంకారం. సోమాలమ్మ పుంత పేరులో రెండు పాత సంగతులు కలిసి ఉన్నాయి: సోమాలమ్మ, అనగా శ్యామలాంబ, ఈ ఊరి గ్రామదేవత, పుంత అంటే చేల మధ్య బళ్ళు తొక్కి తొక్కి పల్లమైన మట్టిదారి, వాన పడితే వాగవుతుంది. గోదావరి జిల్లాలు దాటితే ఈ మాట అంతగా వినిపించదు. ఆవ అన్నది కూడా ఇక్కడి నేలకు చెందిన మాటే. వాననీరు నిలిచి, మెల్లగా ఇంకే పల్లపు భూమిని ఆవ అంటారు; ఆవ రోడ్డు పక్కన నేడు ఇళ్ళు కట్టుకున్నవారు శ్రావణభాద్రపదాలలో గుమ్మం ముందు నీరు నిలిస్తే మురుగు కాలువను తప్పుపడతారు గాని, ఆ తప్పు దారి పేరులోనే ముందుగా రాసి ఉన్నది.

ఇంగ్లీషు దొరల కాలం కూడా తన వంతు పేర్లు ఇచ్చింది, వాటిని జనం తమకు వీలైనట్టు మలుచుకున్నారు. ఇన్నీసు అన్న దొర పేరుకు పేట చేర్చి ఇన్నీసుపేట అన్నారు; నేడు ఆ మాట పలికే పిల్లలకు అందులో ఒక ఇంగ్లీషువాడున్నాడన్న స్పృహే ఉండదు. దివ్యజ్ఞాన సమాజ స్థాపకులలో ఒకడైన కర్నల్ ఆల్కాట్ పేరిట ఏర్పడ్డ ఆల్కాట్ గార్డెన్స్‌ను ఆల్కాట్‌తోట చేసి, సగం తెనిగించి వదిలారు. వీటన్నిటికంటె ముచ్చటైనది బ్రిడ్జిలంక. లంక అంటే నది పాయల మధ్య ఇసుక, ఒండ్రు మేటవేసి ఏర్పడిన దీవి. సాధారణంగా లంకలకు ఇంటిపేర్లో చెట్టుపేర్లో ఉంటాయి. 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో రైళ్ళు నడిచిన హేవ్‌లాక్ వంతెన, 56 ఖానాలతో గోదావరిని దాటిన ఆ ఇనుప నిర్మాణం, ఈ లంకకు పేరు ఇచ్చింది. మద్రాసు గవర్నరైన హేవ్‌లాక్ పేరును జనం పట్టించుకోలేదు. బ్రిడ్జి అన్న మాటను మాత్రం ఉంచుకున్నారు. 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1997లో విల్లువంపుల వంతెన వచ్చాక, పాత వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. నదిలో దాని స్తంభాలు మిగిలినట్టే ఒడ్డున గోదావరి స్టేషను మిగిలింది. రాజమండ్రి స్టేషను ఉండగా మరొకటి ఎందుకని కొత్తవారు ఆశ్చర్యపడుతూ ఉంటారు.

ఈ పేర్లు తరం నుంచి తరానికి అందడంలో పిల్లల పాత్ర పెద్దలు అనుకున్నదానికంటె ఎక్కువ. 1901 జనాభా లెక్కల నాడు ఊరి జనసంఖ్య 36,408. అనగా ఒక కుర్రవాడు గట్టు మీది రేవు నుంచి ఊరి చివరి తోట దాకా ఒక్క పూటలో నడిచి రాగలిగినంత ఊరు. రేవులో ఈత, లాంచీ కూత, సందుల్లో గోళీలు, గూటీబిళ్ళ, ఎండాకాలం తాటిముంజలు, దసరాకు దేవీచౌక్‌లో తెల్లవార్లూ పద్యనాటకాలు అన్నీ కాలినడకన అందేవే కావడం వల్ల, ఏ సందు ఏ పెరట్లోకి తేలుతుందో, ఏ ఇంటి అరుగు మీద కూర్చుంటే తిట్లు పడతాయో పిల్లవాడికి తెలిసేది. మండువా లోగిళ్ళు, అంటే నడిమధ్య వాన పడే ఖాళీ వదిలి నాలుగు వైపులా పెంకులు దింపిన ఇళ్ళు, వీధి వైపు తప్పక అరుగు ఉంచుకునేవి. ఆ అరుగు ఇంటివారిదైనా వీధిలో పోయేవారందరిదీ. పెద్దలు దారిని దస్తావేజులోని హద్దులతో చెబితే, పిల్లలు ఆటల హద్దులతో చెప్పేవారు. చాలా పేర్లు రెండవ దారిలోనే బతికి వచ్చాయి.

అదృష్టవశాత్తు ఈ ఊరి బాల్యాలను రాసిపెట్టినవారు ఉన్నారు. వీరేశలింగం స్వీయచరిత్రలో వీధిబడి నుంచి ఇంగ్లీషు బడికి మారిన కుర్రవాడి కాలపు రాజమహేంద్రవరం కనిపిస్తుంది. ఒంగోలు వైపు నుంచి గురువు హనుమంతరావు నాయుడి వెంట వచ్చి, ఇక్కడ నాటకాల్లో వేషాలు కట్టి, అల్లరిమూకల సావాసం కూడా చేసి, తరవాత ఇదే ఊరి పురపాలక సంఘానికి అధ్యక్షుడైన టంగుటూరి ప్రకాశం ఆ చిల్లర తిరుగుళ్ళను దాచకుండా రాశాడు. వీరిద్దరికంటె చిలకమర్తి లక్ష్మీనరసింహం స్వీయచరిత్ర ఈ విషయంలో విలువైనది. 1867లో ఖండవల్లిలో పుట్టి, చదువు కోసం ఈ ఊరు చేరిన ఆయనకు చిన్నప్పటినుంచీ రేచీకటి. పెద్దయ్యాక చూపు పూర్తిగా పోయింది. వృద్ధాప్యంలో ఆయన తన జీవితాన్ని చెప్పి రాయించినప్పుడు, కళ్ళ ముందు లేని ఊరిని పేర్ల ఆధారంతోనే తిరిగి కట్టుకోవలసి వచ్చింది. ఇళ్ళ రంగులు, వీధుల వెడల్పులు అందులో తక్కువ. ఎవరు ఏ పేటలో ఉండేవారు, ఏ వీధిలో నాటకశాల ఉండేది అన్నవి ఎక్కువ. చూపున్నవాడు రాసి ఉంటే ఆ పుస్తకం స్థలచరిత్రకు ఇంతగా పనికివచ్చేది కాదేమో.

స్వాతంత్ర్యం వచ్చాక పేటల కాలం ముగిసి నగర్‌ల కాలం మొదలయింది. గాంధీపురం, ప్రకాశంనగర్, శ్యామలానగర్ అన్నవి ఊరు తూర్పు వైపు పెరుగుతూ పోయిన క్రమాన్ని చూపిస్తాయి. అంతకుముందు లేని చోట కొత్తగా పెట్టిన పేరు కాబట్టి అవి తేలికగా నిలిచాయి. ఉన్న పేరును తీసి మరొకటి పెట్టినప్పుడే చిక్కంతా. నగరపాలక సంస్థ బోర్డు పాతవచ్చు గాని, ఆ బోర్డును చదవని రిక్షావాడు, బస్సు కండక్టరు, పాలు పోసే మనిషి పాత పేరుతోనే దారి చెబుతుంటే, కొత్త పేరు కాగితం దాటి రాదు. 2015లో ప్రభుత్వం రాజమండ్రిని తిరిగి రాజమహేంద్రవరం చేసింది. శాసనాల దృష్ట్యా అది న్యాయమైన పని, అయినా కండక్టర్లు రాజమండ్రి అనే కేకవేస్తున్నారు. దీనికి ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయమవుతుంది. కులం పేరుతో పిలిచే వాడలు ఆంధ్రదేశమంతటా అంబేద్కర్ నగర్‌లుగా మారినప్పుడు ఆ మార్పు వెంటనే నిలిచింది, ఎందుకంటే అక్కడ కొత్త పేరు కోరుకున్నవారు అధికారులు కాదు, అక్కడ నివసించేవారే. పాత పేరు అందరికీ తీపి జ్ఞాపకం కాదన్న సంగతి పేటల మీద మమకారంతో రాసేవారు తరచు మరచిపోతారు.

2011 నాటికి నగర జనాభా 3.4 లక్షలు దాటింది. ఒకప్పుడు రెండంకణాల పెంకుటిల్లు, వెనక బాదం చెట్టు, నుయ్యి ఉన్న స్థలంలో నేడు అయిదంతస్తుల అపార్టుమెంటు లేస్తున్నది. పన్నెండేళ్ళకొకసారి వచ్చే పుష్కరాల కోసం రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా అరుగులు కొన్ని తగ్గుతున్నాయి. ఊరివారు కాలాన్ని కొలిచేది కూడా పుష్కరాలతోనే. ఒక ఇల్లు ఎప్పుడు పడగొట్టారని అడిగితే 2003 అని కాక, ఆ పుష్కరాలకు ముందు అని చెబుతారు. అపార్టుమెంట్ల మీద ఇంగ్లీషు పేర్లు ఉంటాయి, కాని తలుపు దగ్గరికి సరుకు తెచ్చే కుర్రవాడు ఫోనులో అడిగేది ఆ పేరు కాదు. కంబాలచెరువుకు ఇవతలా అవతలా అని. అపార్టుమెంటులో ఆరు నెలల క్రితం అద్దెకు దిగిన మనిషి కూడా, చెరువు ఎన్నడూ నిండుగా చూడకపోయినా, అవతల అని తడుముకోకుండా జవాబు చెబుతాడు.