వీరగాథలలో దివ్యాంశము: దాని స్థానవిచారము

యుద్ధమును లోకసహజముగ వర్ణించుచు వచ్చిన కథలో హఠాత్తుగ మానవాతీతమైన యంశ మొకటి తలచూపుట క్రొత్త గాదు. నేటి బాలురు కంప్యూటరుతెరపై నాడుకొను యుద్ధక్రీడలందును నిది కలదు. 2008వ సంవత్సరమున వెలువడిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్’ అను వీడియో ఆటలో రెండవ ప్రపంచసంగ్రామపు టాయుధములును రణరంగములును యథార్థమును పోలునట్లు చూపబడినవి. బెర్లిను పట్టుబడి కథ ముగిసిన పిమ్మట, వేరొక భాగమున, చచ్చిన జర్మను సైనికులు ప్రేతములై లేచి వత్తురు. అచ్చట ప్రేతము వినోదమునకై చేర్చబడినది. దానిని తొలగించినను యుద్ధకథకు లోపము రాదు. మన వీరగాథలలో నట్లు గాదు. వానియందు దివ్యాంశ మేచోట నిలిచినదో, యాచోటనే యేల నిలిచినదో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇందులకు మూడు గాథలను గైకొందము. గోదావరికి నుత్తరపుటొడ్డున, శ్రీరాంపురపు బొగ్గుగనుల కాటపట్టైన నస్పూరున నిలిచి చూచినచో, వానిలో రెండు మనకు సమీపముననే కలవు. ఆగ్నేయమున నది కావల మేడారము; ఉత్తరమున కొండలలో జోడేఘాటు. మూడవది పల్నాటిది. అది కావ్యరూపమున నిలిచినది గావున దానితో నారంభింతము.

శ్రీనాథుని పేర వెలసిన పల్నాటివీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. పండ్రెండవ శతాబ్దమునాటి యీ కలహమునకు గాథ చెప్పు కారణములు లౌకికములే: కోడిపందెము, వలస, రాజ్యభాగము, రాయబారియైన అలరాజుపై విషప్రయోగము. బ్రహ్మనాయుడు విష్ణ్వంశసంభూతుడని గాథ వచించును. ఐనను నాతని దైవత్వము కారెంపూడి రణమున కన్నకొడుకు బాలచంద్రుని ప్రాణమునైన నిలుపలేదు. అందఱును పడిన పిదప నాయుడు గుత్తికొండబిలమును బ్రవేశించి యంతర్హితుడయ్యె నని జనశ్రుతి.

మేడారపు గాథ నోటిమాటవలన వచ్చినది. దాని మూల మింకను లౌకికము. కఱవుచే కోయదొర పగిడిద్దరాజు కాకతిప్రభువునకు కప్పము చెల్లింపజాలడయ్యె. ప్రతాపరుద్రుని సేన యడవిపై నడచెను. సంపెంగవాగు కడ జరిగిన పోరున పగిడిద్దరాజును, కూతురు సారలమ్మయు, అల్లుడు గోవిందరాజును గూలిరి. కొడుకు జంపన్న పరాజయమును సహింపక వాగున బడెను. నాటనుండి యది జంపన్నవాగయ్యెను. సమ్మక్క పోరు విడువక, వెనుకనుండి బల్లెపుపోటు తగులగా, చిలుకలగుట్ట వైపు నడచి కానరాకపోయెను. వెదకినవారికి కుంకుమభరిణె దొరకెను. ఈ మహిమ శత్రువు నొక్కనిని జంపలేదు, కప్పమును మాన్పలేదు. ఆమె దేహమును మాత్రము శత్రువు చేతికి జిక్కనీయలేదు.

కాలము గడచుటచే గాథలకు మహిమలు మొలచునని కొందఱందురు. జోడేఘాటు వృత్తాంత మామాటను సాగనీయదు. ఇది 1940నాటిది. పండ్రెండు గ్రామముల భూమిపైనను అడవిపైనను గోండులు హక్కు కోరిరి. నిజాము పోలీసులు తుపాకులతో వచ్చిరి. కుమురం భీముడును, అనుచరులు కొందఱును మడిసిరి. పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని విచారింప మానవశాస్త్రజ్ఞుడగు హైమెండార్ఫును వినియోగించెను. ఇంత సమీపకాలపు సంఘటనయందును, భీమునకు మంత్రవిద్య తెలియుననియు, గుండ్లాతనిని తాకవనియు, అందులకు వెఱచియే పోలీసులు పడిన దేహముపైనను మరల మరల కాల్చిరనియు చెప్పుకొందురు. ఈ కథలో మహిమను నమ్మినవారు గోండులు మాత్రమే కారు. తుపాకి పట్టినవారును నమ్మిరి.

ఇది యరణ్యవాసుల కల్పనాప్రియత్వ మనుటకును వీలులేదు. 1914 ఆగస్టు 23వ తేదీన మాన్స్ కడ పోరాడి బ్రిటిషుసేన వెనుదిరిగినది. సెప్టెంబరు 29వ తేదీన ఆర్థర్ మాకెన్ లండను పత్రికలో నొక కథ వ్రాసి, పూర్వకాలపు విలుకాండ్రు తోచి యాసేనను గాచినట్లు కల్పించెను. అది కల్పన యని కర్తయే చెప్పినను వినక, దేవదూతలు నిజముగ దిగివచ్చిరని జనులు నమ్మిరి. అచ్చటను మహిమ పుట్టినది తిరోగమనమునందే.

దీనివలన తేలున దేమనగా, ఈ గాథలలో దివ్యాంశము యుద్ధకారణమును చెప్పదు, విజయమును దేదు. ఓటమి యనివార్యమైన తావున, వీరుని దేహము గూలుచోట, నది ప్రవేశించును. ‘ఓడితిమి గాని లొంగలేదు’ అను మాటను శాసనము చెక్కించుకొనజాలని జనులు చెప్పుకొన్న తీరిది. గెలిచినవాడు శిలపై వ్రాయించును. ఓడినవాడు గుట్టను, వాగును, బిలమును సాక్షులుగ నిలుపును. కావున చరిత్రకారుడు మహిమను త్రోసివేసినచో, దానితో గూడ నోడినవాని వాఙ్మూలమును త్రోసివేసినవాడగును.

ఐనను మఱియొక యపాయము గలదు. రెండేండ్ల కొకసారి మాఘమాసమున మేడారమున జాతర జరుగును; గోదావరిఖని కడ నదితీరమునను గనికార్మికులు సమ్మక్కను గొలుతురు. బెల్లమును ‘బంగార’మని యర్పింతురు. భరిణెను చిలుకలగుట్టనుండి దింపునపుడు పోలీసు అధికారి గాలిలో తుపాకి కాల్చి వందన మొనర్చును. రాజ్యమునకు లొంగక యంతర్హితయైన స్త్రీకి రాజ్యమే మ్రొక్కుట సంతోషావహమే. కాని దేవతయైన సమ్మక్కకు మ్రొక్కువారిలో కప్పము కట్టలేని కఱవును దలచువా రెందఱు? మహిమయే మిగిలి, మొఱ మాసిపోవుచున్నది.

పాఠశాలలయందు పండితులు గాథను చెప్పునపుడు రెంటిని విడదీయకుందురు గాక. కుంకుమభరిణెను గుఱించి చెప్పినచోట కఱవును గుఱించియు, గుండ్లు తాకని దేహమును గుఱించి చెప్పినచోట పండ్రెండు గ్రామములను గుఱించియు చెప్పవలయును. భరిణెను నమ్ముటయు నమ్మకుండుటయు విద్యార్థి యిష్టము. కఱవును మఱచుటకు మాత్రము వాని కవకాశ మీయరాదు.