మూగబోయిన సర్వరు: లాగ్ ఫైళ్ళను చదివి కారణం కనుగొనే విధానం

వేలూరులో వైద్యానికి వచ్చేవారు బస చేసే లాడ్జీలు, పరీక్షల ల్యాబులు, గుడియాత్తంలోని లుంగీల టోకు దుకాణాలు – ఇటువంటి చోట్ల లెక్కలు తరచుగా ఒక మూలగదిలోని సర్వరు మీద ఆధారపడి ఉంటాయి. అది హఠాత్తుగా పలకడం మానితే ఎవరికైనా మొదట తోచే ఉపాయం మీట నొక్కి ఆపి, మళ్ళీ వెలిగించడం. అప్పటికి పని సాగవచ్చు; కాని రోగం తెలుసుకోకుండానే రోగిని ఇంటికి పంపినట్లవుతుంది. అదే జబ్బు తిరగబెట్టినప్పుడు లెక్కలను కూడా పోగొట్టవచ్చు. సర్వరు తన పనులను వేళతో సహా రాసిపెట్టుకొనే దినచర్యే లాగ్. ఆగిపోయే ముందు రాసిన పంక్తులే కారణానికి దారి చూపుతాయి.

మొదట చూడవలసినవి

సర్వరు ఆగినట్లు గమనించిన వేళను కాగితం మీద రాసుకోవాలి. తెర మీద ఏవైనా పంక్తులు నిలిచి ఉంటే సెల్‌ఫోనుతో ఫొటో తీయాలి. అవి డిస్కు మీదికి చేరి ఉండకపోవచ్చు. తరువాత మరొక కంప్యూటరు నుండి పింగ్ చేయాలి. పింగ్‌కు జవాబు వస్తూ లాగిన్ మాత్రం కాకపోతే యంత్రం పూర్తిగా ఆగలేదని అర్థం. మెమరీ, డిస్కుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. జవాబే రాకపోతే ముందు కేబులును, స్విచ్చును పరీక్షించాలి. పనిభారం ఎక్కువైన సర్వరు కొద్ది నిమిషాలలో తానే తేరుకోవడం కూడా కద్దు.

లాగ్ ఎక్కడ ఉంటుంది?

యూనిక్సు లోకంలో సిస్‌లాగ్ పద్ధతిని 1980లలో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ కోసం రూపొందించాడు. సందేశాల తీవ్రతను అది 0 నుండి 7 వరకు ఎనిమిది మెట్లుగా విభజిస్తుంది. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. లినక్సులో ఈ ఫైళ్ళు సాధారణంగా ‘వార్’ ఫోల్డరులోని ‘లాగ్’లో ఉంటాయి: డెబియన్, ఉబుంటులలో సిస్‌లాగ్ పేరుతో, రెడ్‌హ్యాట్‌లో మెసేజెస్ పేరుతో. ఇటీవలి లినక్సులలో జర్నల్‌డీ ఉంటుంది. జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి మైనస్ బీ, మైనస్ 1 చేర్చితే, తిరిగి వెలిగించక ముందటి చరిత్ర కనిపిస్తుంది. అయితే లాగ్ ఫోల్డరులో ‘జర్నల్’ అనే ఫోల్డరు లేని యంత్రాలలో ఆ చరిత్ర మెమరీలోనే ఉండి, రీస్టార్టుతో తుడిచిపెట్టుకుపోవచ్చు. కనుక స్టోరేజ్ అనే అమరికను ‘పర్సిస్టెంట్’గా ముందే మార్చి ఉంచాలి. విండోస్ సర్వరులో ఈవెంట్ వ్యూయర్ ఇదే పని చేస్తుంది. అందులో 41, 6008 సంఖ్యల నమోదులు యంత్రం సక్రమంగా మూతపడలేదని చెబుతాయి.

పంక్తుల అర్థం

‘ఔట్ ఆఫ్ మెమరీ’ అని ఉంటే మెమరీ చాలక కెర్నెల్ ఒక ప్రోగ్రామును చంపిందని అర్థం. చంపబడినదే దోషి అనుకోరాదు. సాధారణంగా ఎక్కువ మెమరీ వాడుతున్నదే బలి అవుతుంది.

‘ఐ/ఓ ఎర్రర్’ అనే మాట మళ్ళీమళ్ళీ కనిపించినా, ఏదో ఒక ప్రోగ్రాము ‘120 సెకండ్ల’కు మించి నిలిచిపోయిందని ఉన్నా డిస్కును అనుమానించాలి. ఇక్కడే తొందరపాటు ప్రమాదకరం. ఫైళ్ళను మరమ్మతు చేసే ఆదేశం ఇవ్వకముందే లెక్కలకు నకలు తీసుకోవాలి. చెడుతున్న డిస్కు మీద మరమ్మతు ఉన్నదాన్ని కూడా పోగొట్టవచ్చు.

‘నో స్పేస్ లెఫ్ట్’ అంటే డిస్కు నిండింది. ఖాళీ ఉన్నట్లు కనిపిస్తూ ఈ మాట వస్తే, చిన్న ఫైళ్ళు లెక్కకు మించి పేరుకుపోయి ఉండవచ్చు.

‘క్రిటికల్ టెంపరేచర్’ అనే హెచ్చరిక 40 డిగ్రీలు దాటే వేలూరు వేసవిలో ప్రత్యేకంగా గమనించదగినది. నేత సరుకు నిలువచేసే గదులలో నూలుపొట్టు ఫ్యానులను మూసివేయగలదు.

ఏ హెచ్చరికా లేకుండా లాగ్ తెగిపోయి, తరువాతి పంక్తి కొత్తగా మొదలైనదై ఉంటే ఆ మౌనమే సాక్ష్యం. చూసేసరికి యంత్రం ఆరిపోయి ఉంటే కరెంటును, యూపీఎస్‌ను, పవర్ సప్లయిని పరీక్షించాలి. దీపాలు వెలుగుతూనే బిగుసుకుపోయి ఉంటే హార్డువేరు, డ్రైవరు, కెర్నెల్ దోషాలను వెదకాలి. డిస్కే చెడినప్పుడు లాగ్ రాయడానికి కూడా వీలుండదన్న సంగతి మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది: చివరి పంక్తే కారణమని నిర్ణయించరాదు. అక్కడి నుండి వెనక్కు చదువుతూ మొదటి తప్పు ఎప్పుడు కనిపించిందో పట్టుకోవాలి. మధ్యాహ్నం 2 గంటలకు సర్వరు ఆగిందనుకుందాం. చివరి పంక్తి మామూలు పని గురించే ఉండవచ్చు; 1.20కే డిస్కు దోషం మొదలై ఉండవచ్చు. కొన్ని ప్రోగ్రాములు అంతర్జాతీయ కాలమానంలో రాస్తాయి కనుక, వాటికి 5 గంటల 30 నిమిషాలు కలిపి చూడాలి.

ముందుజాగ్రత్తలు

లాగ్ ప్రతిని మరొక కంప్యూటరుకు కూడా పంపే ఏర్పాటు చేసుకుంటే, సర్వరు పోయినా సాక్ష్యం మిగులుతుంది. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సేవాసంస్థలు, డేటా కేంద్రాలు, వ్యాపార, ప్రభుత్వ సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. గడియారాలను ప్రామాణిక కాలంతో సరిపోల్చాలి. సైబరు దాడుల వంటి ఘటనలను 6 గంటలలో తెలియజేయాలి.

తప్పనిసరిగా రీస్టార్టు చేయవలసివస్తే చేయవచ్చు, వ్యాపారం ఆగకూడదు. కాని వేళ రాసుకొని, తెర ఫొటో తీసుకొని, లాగ్ నిలిచే ఏర్పాటు ఉన్నదో లేదో చూసుకొన్న తరువాతనే మీట మీద చేయి వేయడం మంచిది.