కడుపునొప్పి అని రాయించిన రోజులు



మేము రైల్వేలో పనిచేసే కాలంలో, పట్టాల దగ్గర నుంచి ఎవరినైనా ప్రాణాలతో తీసుకొస్తే డాక్టరు కంటే ముందు కేసు మాట వచ్చేది. మన ఇళ్ళలో అలాంటిది జరిగినా "కడుపునొప్పి తాళలేక" అని చెప్పి రాయించేవాళ్ళం. అది అబద్ధమని రాసేవాళ్ళకీ తెలుసు, రాయించేవాళ్ళకీ తెలుసు. ఆ అబద్ధం వెనక ఉన్నది పరువు ఒక్కటే కాదు, ఒక చట్టం కూడా.

1860 నాటి శిక్షాస్మృతిలో 309వ సెక్షను. చావబోయి బతికినవాళ్ళకు ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంగ్లండువాళ్ళు తమ దేశంలో ఆ నేరాన్ని 1961లోనే ఎత్తేశారు. వాళ్ళు మనకిచ్చినది మాత్రం మన దగ్గరే ఉండిపోయింది.

1986లో బొంబాయి హైకోర్టు ఆ సెక్షను చెల్లదంది. ఆ కేసులో ముద్దాయి ఎవరనుకున్నారు? ఒక పోలీసు కానిస్టేబులే! రోడ్డు ప్రమాదం తరవాత మనసు చెదిరినవాడు. ఆ వెనకే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందంది. సుప్రీంకోర్టు 1994లో కొట్టేసి, 1996లో మళ్ళీ నిలబెట్టింది.

అదే కాలంలో అమెరికాలోని మెంఫిస్‌లో ఇంకో దారి పుట్టింది. 1987లో మనసు బాగోలేక తనను తాను గాయపరచుకుంటున్న ఒక యువకుణ్ణి కాపాడమని పోలీసులను పిలిస్తే, ఆ పోలీసుల తుపాకీకే అతను బలయ్యాడు. ఊరు మండిపడింది. 1988లో పోలీసులు, డాక్టర్లు, రోగుల కుటుంబాలవాళ్ళు కలిసి కూర్చున్నారు. ఇష్టపడి ముందుకొచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ పెట్టారు. గొంతు తగ్గించి మాట్లాడాలి, తొందరపెట్టకూడదు, చెప్పేది వినాలి, జైలుకు కాకుండా వైద్యానికి తీసుకెళ్ళాలి. ఇదే ఆ చదువు.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం ఈ దారికి వచ్చింది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు అన్నది. మానసిక జబ్బు వల్ల తనకు తానే ప్రమాదమయ్యేవాళ్ళను పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి, లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల లోపల ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. పోలీసులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో 309 లేదు. అధికారిని బెదిరించి పని ఆపించడానికో, చేయించుకోవడానికో అలా చేస్తేనే నేరం.

చట్టం మారింది గానీ మన ఇళ్ళల్లో భయం పోలేదు. ఇప్పటికీ కేసు అవుతుందనేసి ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకుపోతున్నాం. ఆ ఆలస్యంలోనే ప్రాణాలు పోతాయి. పెద్దవాళ్ళు ఈ మాట ఇంట్లో చెప్పండి. పిల్లలు దిగులుగా ఉంటే నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం వద్దు. 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.

వచ్చే సంఘం కూటానికి మన ప్రాంతపు ఇన్‌స్పెక్టరు గారిని, ఒక మానసిక వైద్యుణ్ణి కలిపి పిలుద్దాం. శిక్షణ వాళ్ళకు ఒక్కరికే కాదు, మనకూ కావాలి.