మ్యాక్‌కి వైరస్ రాదన్న మాట

ఇళ్లలో వాడే కంప్యూటర్ల మధ్య ఊరేగిన తొలి వైరస్‌లలో ఒకటి ఆపిల్ మెషీన్ మీదే పుట్టింది. పేరు ఎల్క్ క్లోనర్. 1982లో పిట్స్‌బర్గ్ దగ్గర తొమ్మిదో తరగతి చదివే రిచ్ స్క్రెంటా అనే పదిహేనేళ్ల కుర్రాడు దాన్ని ఆపిల్ టూ కోసం రాశాడు. అది పట్టిన ఫ్లాపీతో యాభయ్యోసారి మెషీన్ ఆన్ చేస్తే తెరమీద చిన్న పద్యం కనిపించేది. స్నేహితులు డిస్కులు మార్చుకునేవాళ్లు, వాటితోపాటు అదీ ఇల్లు మారేది. మ్యాక్ కొన్నవాళ్లకి యాంటీవైరస్ ఊసే అక్కర్లేదని ఎవరైనా ధీమాగా అంటే నేను ఈ కథ దగ్గర్నుంచి మొదలుపెడతాను.

1984లో మెకింతోష్ వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి దానికీ ఎన్‌వీర్ అనే వైరస్ పట్టుకుంది. అక్షరాలను చదివి వినిపించే మాకింటాక్ ఉన్న మెషీన్లలో అది ‘కంగారు పడొద్దు’ అని ఇంగ్లీషులో పలికేది, లేనిచోట బీప్ కొట్టేది. ఆ మరుసటి ఏడాది జరిగింది అంతకన్నా పెద్దది. మాంట్రియల్‌లో మ్యాక్‌మ్యాగ్ పత్రిక సంపాదకుడు రిచర్డ్ బ్రాండో ఒక వైరస్ రాయించాడు. 1988 మార్చి 2న మ్యాక్ వాడేవాళ్లందరికీ విశ్వశాంతి సందేశం చూపించి, తనను తానే చెరిపేసుకోవడం దాని పని. ఆ ఊరినుంచి వచ్చిన ఒక గేమ్ డిస్కు ద్వారా అది ఆల్డస్ కంపెనీకి శిక్షణ డిస్కు తయారుచేస్తున్న వాళ్ల మెషీన్లోకి, అక్కణ్నుంచి ఆల్డస్‌లోకి చేరింది. చివరికి ఫ్రీహ్యాండ్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పెట్టెల్లో కొత్త ప్యాకింగుతో దుకాణాలకి వెళ్లింది. డబ్బుపెట్టి కొన్న అసలు సరుకు కాబట్టి భయం లేదన్న భరోసా ఆ రోజుతో పోయింది. శాంతి కోసమే చేశామన్నా సరే, అడక్కుండా పరాయివాళ్ల మెషీన్లోకి దూరడాన్ని నేను సమర్థించలేను.

తొంభైల్లో నేను హైదరాబాద్‌లో ఒక ప్రీప్రెస్ యూనిట్‌లో పనిచేశాను. కలర్ పేజీలన్నీ మ్యాక్ మీదే, క్వార్క్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో. యాడ్ ఏజెన్సీలవాళ్లు సైక్వెస్ట్ కార్ట్రిడ్జులు పట్టుకొచ్చేవాళ్లు, ఆ తర్వాత జిప్ డిస్కులు. ఎక్కడెక్కడి మెషీన్లు తిరిగి వచ్చాయో తెలియని డిస్కులవి. రాత్రికి ఫిల్మ్ తీసి ప్రెస్‌కి పంపాలి. వచ్చిన ప్రతి డిస్కునీ మూలనున్న ఒక పాత మ్యాక్‌లో పెట్టి డిసిన్ఫెక్టెంట్ అనే యాంటీవైరస్‌తో చూశాకే లోపలికి తీసుకోవడం మా దగ్గర ఆచారం. ఎంత తొందరలో ఉన్న క్లయింట్ అయినా ఆగాల్సిందే.

ఆ డిసిన్ఫెక్టెంట్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. దాన్ని రాసింది జాన్ నార్‌స్టాడ్. ఇల్లినాయిలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఉద్యోగి. 1989లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లపాటు ఉచితంగా పంచాడు. కొత్త వైరస్ ఎక్కడ బయటపడినా వివిధ దేశాల్లోని మిత్రబృందం ఆయనకు తెలిపేది, దానికి విరుగుడు చేర్చి కొత్త వెర్షన్ వదిలేవాడు. వైరస్ అంటే ఏమిటో, ఏది ఏమి చేస్తుందో, దేనికి భయపడనక్కర్లేదో మామూలు మనిషికి అర్థమయ్యేలా వివరం కూడా అందులోనే రాసి పెట్టాడు. నేను నేర్చుకున్నది ఆ పేజీల్లోనే. 1995 తర్వాత మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైళ్లలో దాక్కునే మాక్రో వైరస్‌లు వచ్చాయి. వాటిని డిసిన్ఫెక్టెంట్ పట్టలేదు. ఇది ఉంది కదా అని జనం నిశ్చింతగా ఉంటే ప్రమాదమని, 1998 మేలో ఆయనే దాన్ని విరమించి, వేరే సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని చెప్పాడు. తన పని సరిపోవడం లేదని తనే ముందుగా చెప్పిన మనిషి మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఆనాటి వైరస్‌లను అంతం చేసిన ఘనత స్కానర్లది మాత్రమే కాదు. డబ్ల్యుడెఫ్ అనేది 1989లో బయటపడింది. ఏ ప్రోగ్రామూ తెరవనక్కర్లేదు, ఫ్లాపీ లోపల పెడితే చాలు, పట్టేసేది. డిస్కుమీద కంటికి కనిపించకుండా ఉండే డెస్క్‌టాప్ ఫైల్లో అది కాపురం ఉండేది. 1991లో వచ్చిన సిస్టమ్ సెవెన్ ఆ పద్ధతినే మార్చేసింది, దాంతో డబ్ల్యుడెఫ్‌కి చోటు లేకుండాపోయింది. 1998లో హాంకాంగ్ వైపునుంచి వచ్చిన ఆటోస్టార్ట్ కథా అంతే. క్విక్‌టైమ్ సెట్టింగ్స్‌లో సీడీ దానంతటదే నడిచే ఏర్పాటుకి ఉన్న టిక్కు తీసేస్తే అది లోపలికి రాలేదు. అన్ని మెషీన్లలోనూ ఆ టిక్కు తీసేదాకా మేం కొత్త డిస్కు ముట్టుకోలేదు. ఎందుకంటే అది ఫైళ్ల మీద చెత్త రాసేది, పోయిన పేజీ తిరిగి రాదు.

2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చింది. పునాది యూనిక్స్. సిస్టమ్‌లో మార్పు చేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఫ్లాపీలు అప్పటికే పోయాయి. మ్యాక్ వాడేవాళ్లు తక్కువ, దొంగలకి గిట్టుబాటు విండోస్‌లో. ‘రాదు’ అన్న మాట బలపడింది ఈ కొద్ది ఏళ్లలోనే. 2006లో ఆపిల్ టీవీ ప్రకటనలో పీసీ వేషం కట్టిన మనిషి తుమ్ముతూ, పీసీలకి 1,14,000 వైరస్‌లు ఉన్నాయంటాడు. పక్కన మ్యాక్ వేషధారి నిక్షేపంగా నిలబడి ఉంటాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఐచాట్ ద్వారా పాకే లీప్ బయటపడింది, కానీ జనానికి గుర్తుండిపోయింది ప్రకటనే.

2011 మేలో వచ్చిన మ్యాక్ డిఫెండర్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. అది యాంటీవైరస్ వేషంలో వచ్చిన మోసం. ఏదో బొమ్మ కోసం వెతికినవాళ్లకి ‘మీ మ్యాక్‌కి వైరస్ పట్టింది’ అని తెర చూపించి, 60 నుంచి 80 డాలర్ల దాకా కార్డు మీద లాగేది. అప్పటిదాకా యాంటీవైరస్ కొనని ఇళ్లలో భయమే ఎరగా పనిచేసింది. ఆపిల్ మే 31న విరుగుడు వదిలితే, గంటల్లోనే దాన్ని తప్పించుకునే కొత్త రూపం దిగింది.

మరుసటి ఏప్రిల్‌లో ఫ్లాష్‌బ్యాక్. అది వాడుకున్న జావాలోని లొసుగుకి ఒరాకిల్ ఫిబ్రవరిలోనే సవరణ ఇచ్చింది. ఆపిల్ తన మెషీన్లకి దాన్ని అందించింది ఏప్రిల్ 3న. ఆ ఏడు వారాల సందులో, పాస్‌వర్డ్ కూడా అడక్కుండా, ఆరు లక్షలకు పైగా మ్యాక్‌లలోకి అది దూరింది. ఆ జూన్‌లో ఆపిల్ తన సైట్‌లో పీసీ వైరస్‌లు రావన్న వాక్యాన్ని తీసేసింది.

ఈలోగా ఆపిల్ సొంత కాపలా కూడా పెరిగింది. 2009లో మ్యాక్‌లోనే చేర్చిన ఎక్స్‌ప్రొటెక్ట్ జాబితాలో మొదట్లో రెండే పేర్లు. 2012లో గేట్‌కీపర్ అనే తనిఖీ, 2019 నుంచి ఆపిల్ పరిశీలించి ముద్ర వేశాకే యాప్ తెరుచుకునే నియమం వచ్చాయి. అయినా 2020లో ష్లేయర్ అనే మోసపు ప్రోగ్రాం ఆ ముద్రతోనే బయటికి వచ్చింది. 2021లో ఎపిక్ గేమ్స్ కంపెనీ ఆపిల్ మీద వేసిన కేసులో ఆపిల్ ఉన్నతాధికారి క్రెయిగ్ ఫెడరిగీయే మ్యాక్ మీద ఉన్న మాల్‌వేర్ తమకు ఆమోదయోగ్యం కాని స్థాయిలో ఉందని కోర్టులో చెప్పాడు.

మా కాలనీలో అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్ల ఇళ్లలో వాళ్లు పంపిన మ్యాక్‌బుక్‌లు ఉన్నాయి. “యాంటీవైరస్ వేయించమంటారా మాస్టారూ?” అని నన్ను అడుగుతుంటారు. మ్యాక్‌లోనే కాపలా ఉంది కాబట్టి విడిగా కొనద్దనే చెబుతాను. సిస్టమ్ అప్‌డేట్లు వాయిదా వేయొద్దని చెప్పి, వాళ్ల వాడకానికి అడ్మిన్ హక్కులు లేని ఖాతా వేరుగా పెట్టి ఇస్తాను. అయితే 2023 నుంచి తిరుగుతున్న అటామిక్ స్టీలర్ లాంటివాటికి ఆ హక్కులు లేకపోయినా పని జరిగిపోతుంది. దొంగ ప్రకటన ద్వారా దిగుతుంది, మామూలు పెట్టెలాంటిది చూపించి పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇస్తే బ్రౌజర్లో దాచుకున్నవన్నీ పట్టుకుపోతుంది. అందుకే బ్యాంకు పాస్‌వర్డ్‌లు బ్రౌజర్లో దాచనివ్వను, యాప్‌లు ఆపిల్ స్టోర్‌లోనో తయారుచేసినవాళ్ల సొంత సైట్‌లోనో తప్ప దించొద్దంటాను. తెరమీద ఏ పెట్టె పాస్‌వర్డ్ అడిగినా, కొట్టే ముందు నాకు ఫోన్ చేయమంటాను. చేస్తున్నారు కూడా, కొందరు రాత్రి పదింటికి.