మన చరిత్ర, మన చెలక: తోట ఎవరిది?



ప్రబంధాలకు చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో ఉద్యానవనం ఒకటి. అక్కడ రాజు విహరిస్తాడు, చెలికత్తెలు పూలు కోస్తారు. పాదు తవ్వినవాళ్ల ఊసుండదు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, ఏటా అవే పద్యాలు పాఠం చెప్పే నాకు తోట చరిత్ర అసలు జహీరాబాద్ చెలకల్లో దొరికింది.

1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ చుట్టూ ఆడవాళ్ల సంఘాలు కట్టింది. వాళ్లలో ఎక్కువమంది దళితులు. వాళ్ల చేతికొచ్చినవి ఎవరికీ అక్కరలేని రాళ్ల భూములు. రాళ్లు ఏరి, కట్టలు పోసి, ఒకే చెలకలో జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు, బబ్బెర్లు, నువ్వులు, పుంటికూర కలిపి వేశారు. ఎకరంలో ఇరవై దాకా పంటలు! యాసంగిలో నీళ్లు పెట్టకుండా మంచుకే పండే శనగ, కుసుమల్ని 'సత్యం పంటలు' అంటారు. విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి, బుట్టల్లో పోసి, మట్టితో మెత్తుతారు. విత్తనం లేనోళ్లు సంఘం దగ్గర తీసుకుని, పంటొచ్చాక అంతకంటే ఎక్కువ తిరిగిస్తారు. అమ్మకం మాట లేదు.

విత్తకుండా మొలిచేవీ ఉన్నాయి. గునుగు, పొన్నగంటి, దొగ్గలికూర. పుస్తకంలో అవి కలుపు, వాళ్లకు కూర. కలుపుమందు కొడితే కూలికిపోయే తల్లి కొంగులో పడే ఆ కూరే పోతుంది. మనం బతుకమ్మలో పేర్చే గునుగూ పోతుంది.

మన వరంగల్ వాళ్లకు బాకీ ఉంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. తొలి పంటకే మన రైతులు దెబ్బతిన్నారు. అప్పుడు ఆ సంఘాల దళిత మహిళలే కెమెరాలు పట్టుకుని ఇక్కడికొచ్చారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకని అడుగుతూ 2003లో సినిమా తీశారు. 2005లో కేంద్ర కమిటీ మెక్-12, మెక్-162, మెక్-184 రకాలను ఆంధ్రప్రదేశ్‌లో ఆపేసింది. సినిమా వల్లే ఆగిందని నేననను. తర్వాత వేరే బీటీ రకాలు వచ్చాయి, ఇప్పుడు మన చెలకల్లో ఎటు చూసినా పత్తే. పస్తాపూర్ సంఘాలకు మాత్రం 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, హాస్టల్ వెనుక ఖాళీ జాగలో అందరి తోట పెడతామని మా విద్యార్థులు జాబితా తెచ్చారు. అన్నీ క్రోటన్లు, గులాబీలు. సగం జాగ వాటికిచ్చాం. మిగతా సగంలో జొన్న, అనుములు, గునుగు. పలకల మీద శాస్త్రీయ నామం కింద మన వాడల్లో పిలిచే పేరు కూడా రాస్తాం. మీ అవ్వల దగ్గర పాత గింజలుంటే గుప్పెడు తెండి, పేరు అడిగి తెండి.