ముసుగు వెనుక ఎవరు?

కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలల గురించి మీరు వినే ఉంటారు. పాడుబడ్డ భవనం, అర్ధరాత్రి హత్య, అందరిమీదా అనుమానం, చివరి పేజీలో ముసుగు తొలగడం: అపరాధ పరిశోధన కథలకు ఏ దేశంలోనైనా అలవాటైన చట్రం ఇది. ఈ చట్రాన్ని ఆటపట్టించిన పాత కార్టూన్ చిత్రం ఒకటి ఉంది.

1920లలో ఇంగ్లండులో ఇలాంటి నవలలు వెల్లువెత్తాయి. పాఠకులకు అన్యాయం జరగకూడదని రొనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లో పది నియమాలు ప్రకటించాడు. నేరస్థుడు కథ ప్రారంభంలోనే కనిపించాలన్నది మొదటిది. దొరికిన ఆధారాలను డిటెక్టివ్ దాచకూడదన్నది మరొకటి.

1943లో అమెరికాలోని ఎం.జి.ఎం. సంస్థకు టెక్స్ ఏవరీ 'హూ కిల్డ్ హూ?' అనే చిత్రం తీశాడు. ఎవరు ఎవరిని చంపారు అని దాని అర్థం. నిడివి సుమారు 8 నిమిషాలే. కాని సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. లెక్క వేయండి: 8 × 60 × 24 = 11,520 ఫ్రేములు! పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులమీద బొమ్మలు చేత్తో వేసి, వెనుక దృశ్యంమీద పరచి, ఒక్కొక్క ఫ్రేమే ఫోటో తీసేవారు. శ్రమ తగ్గించడానికి ఒకే బొమ్మను తరచు రెండు ఫ్రేములకు వాడేవారు.

చిత్రం మొదట్లో బొమ్మ కాదు, నిజమైన మనిషి కనిపిస్తాడు. నేరం వల్ల మేలు జరగదని ఈ చిత్రం నిస్సందేహంగా నిరూపిస్తుందని గంభీరంగా ప్రకటిస్తాడు. తర్వాత బొమ్మల కథ మొదలవుతుంది. ఫలానా సమయానికి చస్తావని ఇంటి యజమానికి ఉత్తరం వస్తుంది. ఆ సమయం తనకు కుదరదని ఆయన అంటే, సమయం మారుస్తూ ఇంకో ఉత్తరం వస్తుంది! ఆఖరికి పోలీసు హంతకుణ్ణి పట్టుకొని ముసుగు లాగుతాడు. లోపల ఉన్నది మొదట ఉపన్యాసమిచ్చిన పెద్దమనిషే!

నవ్వుకున్నాక కాస్త ఆలోచించండి. ఏవరీ నాక్స్ మొదటి నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. నేరస్థుడు అందరికంటే ముందే కనిపించాడు. అతన్ని అనుమానితుల్లో చేర్చనిది మనమే. కథకు బయట నిలబడి, ఏది రుజువవుతుందో ముందే చెప్పినవాడిని మనం ప్రశ్నించలేదు.

ప్రయోగశాలలోనూ ఇదే ప్రమాదం. జవాబు ముందే తెలుసనుకున్నవాడి కంటికి కొలతల్లోని తేడాలు ఆనవు. నీరు 100 డిగ్రీల దగ్గర మరగకపోతే నీటినే అనుమానిస్తాం. ఈసారి మీ అనుమానితుల జాబితాలో థర్మామీటరును, ఆనాటి గాలి పీడనాన్ని, అంకె చదివిన మీ కంటిని కూడా చేర్చండి.