విడిగా భద్రం, కలిస్తే బట్టబయలు: బహుళ క్లౌడ్‌లలో అనామకీకరణ

పట్టికలోంచి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ సంఖ్య తీసేస్తే ఇక అది ఎవరిదో తెలియదన్న నమ్మకం మన సంస్థల్లో ఇంకా బలంగానే ఉంది. అమెరికాలో ఆ నమ్మకం 1990లలోనే చెదిరిపోయింది. మసాచుసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా రికార్డులను పేర్లు తొలగించి పరిశోధకులకు ఇచ్చారు. అప్పటికి పరిశోధక విద్యార్థిని అయిన లటాన్యా స్వీనీ కేంబ్రిడ్జి నగర ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొన్నారు. రెండింటిలోనూ ఉన్న పుట్టిన తేదీ, లింగం, జిప్ కోడ్‌లను సరిపోల్చి, గవర్నర్ విలియం వెల్డ్ వైద్య రికార్డు ఏదో పట్టేశారు. రికార్డుల్లో పేరు లేదు, ఓటర్ల జాబితాలో జబ్బు లేదు. రెండూ పక్కపక్కన చేరాకే గుట్టు రట్టయింది.

నేడు ఒకే మనిషి వివరాలు రెండు మూడు క్లౌడ్‌లలో ఉండటం మామూలే. ఒక ఆసుపత్రిని ఊహించుకుందాం: బిల్లింగ్ ఒక క్లౌడ్‌లో, ల్యాబ్ రిపోర్టుల విశ్లేషణ మరోదానిలో, క్లెయిములు బీమా సంస్థ వాడే మూడోదానిలో. ప్రతిచోటా ఎవరి పద్ధతిలో వారు వివరాలు చెరిపేస్తారు. ఎవరి పట్టిక వారి పరీక్షలో నెగ్గుతుంది. అన్నిటినీ కలిపి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ ఉండదు. అసలు చిక్కు ఇక్కడే ఉందని ఈ వ్యాసం వాదన.

స్వీనీ, సమరాటి ప్రతిపాదించిన కె-అనామకత ప్రకారం, పుట్టిన తేదీ, పిన్ కోడ్ లాంటి వివరాలను బట్టి చూస్తే ప్రతి వ్యక్తీ కనీసం 'కె' మంది గుంపులో కలిసిపోవాలి. వేర్వేరు సంస్థలు ఈ నియమాన్ని విడివిడిగా పాటిస్తే చాలదని 2008లో గంటా, కాశీవిశ్వనాథన్, స్మిత్ చూపించారు. చిన్న లెక్క చూడండి. ల్యాబ్ ప్రతిలో ఒక మహిళ ఉన్న నలుగురి గుంపులో జబ్బులు క్షయ, మధుమేహం, ఉబ్బసం, థైరాయిడ్. క్లెయిముల ప్రతిలో ఆమె గుంపులో క్షయ, గుండెజబ్బు, కామెర్లు, కిడ్నీలో రాళ్లు. రెండు చోట్లా నలుగురేసి ఉన్నారు, జబ్బులూ నాలుగు రకాలు. ఏ ప్రతినీ విడిగా తప్పు పట్టలేం. ఆమె రెండు చోట్లా ఉందని తెలిసిన పొరుగువారికి మాత్రం ఉమ్మడిగా మిగిలేది క్షయ ఒక్కటే.

నంబరును హ్యాష్ చేశామని, అంటే వెనక్కి తిప్పడం కష్టమైన సంకేతంగా మార్చామని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. మన మొబైల్ నంబరులో పది అంకెలు. మొదటిది 6 నుంచి 9 లోపే. అంటే మొత్తం 400 కోట్లకు మించవు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకు వందల కోట్ల హ్యాష్‌లు లెక్కిస్తుంది. రహస్య కీ కలపని హ్యాష్ అందుకే తెరచాటు కూడా కాదు. 2014లో న్యూయార్క్ టాక్సీ ప్రయాణాల డేటాలో ఏ ప్రయాణం ఏ టాక్సీదో ఈ కారణంగానే బయటపడింది.

పుట్టిన తేదీ, జిప్ కోడ్‌లతో మనిషిని పట్టేసే అమెరికా లెక్కలను మనకు యథాతథంగా అన్వయించడం కూడా పొరపాటే. దేశంలో పిన్ కోడ్‌లు 19 వేల పైచిలుకు. సగటున ఒక్కోదాని కింద 70 వేల మందికి పైగా వస్తారు. పుట్టిన రోజు తెలియక జనవరి 1 అనో, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జూన్ తేదీ అనో నమోదైనవారు తక్కువేమీ కాదు. ఆ మేరకు మనం గుంపులో దాక్కోగలం. కానీ మన ఇంటిపేరు ఆ వెసులుబాటును లాగేసుకుంటుంది. అసలు పేరు చెరిపి ఇంటిపేరునూ ఊరినీ ఉంచితే, చాలా పల్లెల్లో మిగిలేది కొన్ని ఇళ్లే కావచ్చు. అనామకీకరణ సాధనాలు తయారుచేసే విదేశీ సంస్థలకు ఈ సంగతి తట్టకపోవచ్చు. మన ఇంజనీర్లకు తట్టకపోతే మాత్రం సమర్థించలేం.

పరిష్కారం, అసలు గుర్తింపు వివరాలకు బదులు వాడే టోకెన్ల దగ్గర మొదలవుతుంది. అన్ని క్లౌడ్‌లలో ఒకే టోకెన్ వాడితే విశ్లేషణ సులువు, దొంగకూ సులువే. అందుకని ఒక్కో క్లౌడ్‌కు ఒక్కో కీతో వేరు టోకెన్ ఇవ్వాలి. ఆ కీలను క్లౌడ్‌ల బయట, సంస్థ సొంత అధీనంలో ఉంచాలి. జోడించాల్సిన అవసరం పడితే అనుమతితో ఒకేచోట జోడించాలి. గణాంకాల విడుదలకు డ్వర్క్ బృందం 2006లో ఇచ్చిన డిఫరెన్షియల్ ప్రైవసీ మేలు. అందులో గోప్యతా నష్టానికి కొలత ఎప్సిలాన్. రెండు క్లౌడ్‌లు చెరో 1 ఎప్సిలాన్ ఖర్చు చేస్తే అదే వ్యక్తుల విషయంలో మొత్తం నష్టం 2 వరకూ పోవచ్చు. కాబట్టి ఈ ఖర్చును రాసుకునే ఖాతా పుస్తకం అన్ని క్లౌడ్‌లకూ ఒకటే ఉండాలి. గూగుల్ క్లౌడ్ లాంటివి కె-అనామకతను లెక్కించే సాధనాలు ఇస్తున్నాయి. అవి తమ ముందు పెట్టిన పట్టికనే చూస్తాయి, పొరుగు క్లౌడ్‌లో ఉన్నదాన్ని చూడవు.

ఇక చట్టం సంగతి. 2019 నాటి వ్యక్తిగత డేటా రక్షణ బిల్లులో, గుర్తింపు తొలగించిన డేటా ఎవరిదో సమ్మతి లేకుండా తిరిగి కనిపెడితే మూడేళ్ల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించే నిబంధన ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం భద్రతా లోపాలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పెట్టింది గానీ, అనామకీకరణను నిర్వచించలేదు, ఆ నిబంధననూ కొనసాగించలేదు. దాన్ని తిరిగి చేర్చాలి. దాంతోపాటు, అనామకత పరీక్షను ప్రతులన్నిటినీ కలిపే చేయాలని నియమాల్లో స్పష్టంగా రాయాలి.